ఇద్దరు షూటర్లు, ఒకే తూటా: కౌబాయ్ యాక్షన్ షూటింగ్‌లో ఒక కేస్ స్టడీ

కౌబాయ్ యాక్షన్ షూటింగ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లు మొదట తుపాకుల గురించే అడుగుతారు. నాలుగు మ్యాచ్‌లు ఆడాక అడిగేదంతా తూటాల గురించే. నేను నార్త్ టెక్సాస్‌లో ఒక క్లబ్‌లో రేంజ్ ఆఫీసర్‌గా పనిచేస్తూ, నా తూటాలు నేనే తయారుచేసుకుంటాను. అందువల్ల ఇలాంటి సమస్యలు నా దగ్గరికే వస్తుంటాయి. వాటిలో ఒక తెలుగు జంట కేసును ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. కొత్తవాళ్లు ఎక్కడెక్కడ ఇరుక్కుంటారో అన్నీ ఆ ఒక్క కేసులోనే ఉన్నాయి. వాళ్ల అనుమతితోనే రాస్తున్నాను, పేర్లు మాత్రం రాయను.

ఈ ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1987లో ఏర్పడిన సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ (అందరూ సాస్ అంటారు) నియమాల ప్రకారం ఆడతాం. ప్రతి ఒక్కరికీ రెండు సింగిల్ యాక్షన్ (ప్రతిసారీ హ్యామర్‌ని చేత్తో వెనక్కి లాగి కాల్చే) రివాల్వర్లు, ఒక లీవర్ యాక్షన్ (కింది పిడిని ఆడించి తూటా ఎక్కించే) రైఫిల్, ఒక పాతకాలపు షాట్‌గన్ ఉండాలి. పాత కౌబాయ్ వేషం, ఒక మారుపేరు కూడా తప్పనిసరి. ఒక స్టేజీలో మామూలుగా రివాల్వర్లతో పది, రైఫిల్‌తో పది, షాట్‌గన్‌తో నాలుగు వరకు ఉక్కు టార్గెట్ల మీద కాల్చాలి. గడియారంలో తక్కువ టైమ్ వచ్చినవాళ్లదే పైచేయి. తప్పిన ప్రతి టార్గెట్‌కూ ఐదు సెకన్లు కలుస్తాయి, కాల్చకుండా మిగిలిపోయిన తూటా కూడా తప్పిన లెక్కే. అంటే రైఫిల్ మధ్యలో ఇరుక్కుని ఆరు తూటాలు లోపల మిగిలితే ముప్పై సెకన్లు పోయినట్టే. బాగా ఆడేవాళ్లు ఆ ముప్పై సెకన్లలో స్టేజీ మొత్తం ముగించేస్తారు.

వీళ్లిద్దరూ గ్రీన్ కార్డ్ వచ్చాకే ఈ ఆటలోకి వచ్చారు. తెలుగువాళ్లకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి. హెచ్-1బి, హెచ్-4 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు కొన్ని మినహాయింపులు తప్ప తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదని అమెరికా ఫెడరల్ చట్టం చెబుతుంది. హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది, అయితే ఆ వివరాలు లాయర్‌తో మాట్లాడుకోకుండా ఎవరూ ముందుకు వెళ్లకండి. "ఫ్రెండ్ తీసుకెళ్లాడు, రెండు రౌండ్లు కాల్చాను, ఏమవుతుందిలే" అని ఎవరైనా అంటే నాకు టెన్షన్ వస్తుంది. ఇమ్మిగ్రేషన్ ఫైలు మీద పడే మచ్చ ఆటతో పోదు.

భర్త దగ్గర .45 కోల్ట్ రివాల్వర్లు రెండు, అదే క్యాలిబర్‌లో (తూటా సైజులో) ఇటలీలో తయారైన 1873 వించెస్టర్ నమూనా రైఫిల్ ఉన్నాయి. భార్య దగ్గర .357 మాగ్నమ్ రివాల్వర్లు, అదే నమూనా రైఫిల్ .357లో. వాటిలో .38 స్పెషల్ తూటాలు వాడుతుంది. ఆవిడ తుపాకులు సెకండ్ హ్యాండ్‌వి. పాత యజమాని గన్‌స్మిత్ చేత స్ప్రింగులు బాగా తేలిక చేయించాడు. వేలితో తాకితే చాలు హ్యామర్ లేస్తుంది.

ఆవిడ చెప్పిన కంప్లయింట్ ఇది. ప్రతి మ్యాచ్‌లో రెండు మూడు తూటాలు తుస్సుమంటున్నాయి, రైఫిల్ కనీసం ఒకసారైనా ఇరుక్కుంటోంది. ఆయన గోడు వేరు: ఆయనవి బాగానే పేలుతున్నాయి, కానీ .45 పెట్టె ధర చూస్తే గుండె గుభేలుమంటోంది.

"అన్నయ్యగారూ, గన్‌లోనే లోపం ఉందేమో, అమ్మేసి వేరేది కొనమంటారా?" అని అడిగింది.

"తుపాకీ సంగతి తరవాత చూద్దాం అమ్మా. ముందు ఇంట్లో ఉన్న తూటాలన్నీ, ఒక్కటి కూడా వదలకుండా, పట్టుకురండి" అన్నాను.

బల్ల మీద పోసి చూస్తే .38లోనే ఐదు రకాలు తేలాయి. మొదటిది పెద్ద స్టోరులో చవగ్గా వచ్చిందని కొన్న 130 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్, మందు తూచే చిన్న కొలత) తూటా, రాగి తొడుగు ఉన్నది. సాస్ మ్యాచ్‌లో అది పనికిరాదు. మన ఆటలో బుల్లెట్, అంటే తూటా ముందు నుంచి ఎగిరిపోయే ముక్క, పూర్తిగా సీసంతో ఉండాలి, రాగి తొడుగు గానీ రాగి పూత గానీ ఉండకూడదు. కారణం కూడా న్యాయమైనదే. మన టార్గెట్లు చాలా దగ్గర, రివాల్వర్‌కి పది గజాల లోపే ఉంటాయి. మెత్తటి సీసం ఉక్కుకి తగిలి చితికిపోతుంది. రాగి తొడుగు మాత్రం పదునైన ముక్కలుగా చీలి వెనక్కి ఎగురుతుంది. స్టోరులో .38 అరల్లో అన్నిటికన్నా చవగ్గా దొరికేది చాలాసార్లు ఇదే కావడంతో కొత్తవాళ్లు ఇక్కడే పొరపడతారు.

రెండోది వాడ్‌కటర్, అంటే బుల్లెట్ మొన లేకుండా కోసినట్టు చదునుగా ఉండే తూటా. పూర్తి సీసమే, రూలు ప్రకారం తప్పు లేదు, రివాల్వర్‌లో అద్భుతంగా పనిచేస్తుంది. కానీ బుల్లెట్ మొత్తం ఇత్తడి గొట్టంలోకి దిగిపోయి ఉండడం వల్ల తూటా పొడవు దాదాపు 1.16 అంగుళాలే. లీవర్ రైఫిల్‌కి అది పనికిరాదు. మూడోది, నాలుగోది రెండు వేర్వేరు కంపెనీల కౌబాయ్ లోడ్లు (ఈ ఆట కోసమే తేలికగా నింపిన సీసపు తూటాలు), రెండూ మంచివే. ఐదోది గన్ షోలో జిప్‌లాక్ సంచిలో కొన్న రీలోడ్లు, అంటే వాడేసిన గొట్టాల్లో ఎవరో మళ్లీ నింపిన తూటాలు. లేబుల్ లేదు, ఎవరు తయారుచేశారో తెలియదు, లోపల ఏ మందు ఎంత పోశారో తెలియదు.

ఆ సంచిని వెంటనే పక్కన పెట్టించాను. ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను. ముక్కూమొహం తెలియనివాడి రీలోడ్లు నీ తుపాకీలో పెట్టకూడదు. అందులో ఒక్కదానిలో మందు లేకపోతే, ప్రైమర్ (తూటా అడుగున ఉండి పిన్ను తగలగానే మందుని అంటించే చిన్న మూత) దెబ్బకే బుల్లెట్ కదిలి బ్యారెల్ మధ్యలో ఆగిపోతుంది. దాన్నే స్క్విబ్ అంటారు. శబ్దం చిన్నగా వస్తుంది. ఆటగాడు కంగారులో ఇంకొకటి కాల్చితే బ్యారెల్ ఉబ్బుతుంది లేదా పగులుతుంది. అందుకే స్క్విబ్ అని అనుమానం వస్తే చాలు, రేంజ్ ఆఫీసర్ అరిచి ఆపేస్తాడు. మందు రెండు రెట్లు పడితే ఇంకా ప్రమాదం. వాళ్ల సంచిలోని తూటాలు విప్పి బ్రాస్, అంటే ఇత్తడి గొట్టాలు మాత్రం దాచాం. లోపలి మందు వాడలేదు.

ఇక తుస్సుమన్న తూటాల సంగతి. పేలనివాటిని ఆవిడ దాచిపెట్టింది, ఇది చాలామంది చేయని మంచి పని. ప్రైమర్ మీద పిన్ను గుర్తు చూస్తే అన్నిటి మీదా లోతు తక్కువగా ఉంది. అవే తూటాలను స్ప్రింగు మార్చని నా రివాల్వర్‌లో పెట్టి కాల్చితే ఒక్కటి కూడా ఆగకుండా పేలాయి. అంటే తూటా మంచిదే, దెబ్బే చాలడం లేదు. ప్రైమర్ల పైకప్పు గట్టిదనం కంపెనీని బట్టి మారుతుంది. షూటర్లు ఫెడరల్ ప్రైమర్లు మెత్తనివని, సీసీఐ కొంచెం గట్టివని చెప్పుకుంటారు, నా అనుభవం కూడా అదే. తేలిక స్ప్రింగులున్న తుపాకీ మెత్తటి ప్రైమర్‌ని పేలుస్తుంది, గట్టిదాని దగ్గర మొరాయిస్తుంది. ఇంకో కారణం కూడా ఉండొచ్చు. ప్రైమర్‌ని పూర్తిగా అడుగుదాకా నొక్కకపోతే మొదటి దెబ్బ దాన్ని కూర్చోబెట్టడానికే సరిపోతుంది, రెండో దెబ్బకి పేలుతుంది. పేలనివి ఫ్యాక్టరీ తూటాలు, ప్రైమర్లు సరిగ్గానే కూర్చున్నాయి కాబట్టి ఆ కారణం కాదని తేల్చాను.

ఇక్కడ రెండు దారులు ఉన్నాయి. మెత్తటి ప్రైమర్లు మాత్రమే వెతుక్కుని వాడడం, లేదా స్ప్రింగును ఒక మెట్టు గట్టిది చేయడం. పోటీల్లో గెలిచేవాళ్లు చాలామంది మొదటి దారిలోనే వెళ్తారు. నేను రెండోదే సలహా ఇచ్చాను. 2020లో కోవిడ్ మొదలయ్యాక ప్రైమర్లకు వచ్చిన కరువు మేమంతా చూశాం. ఆ ఏడాది జులైలో రెమింగ్టన్ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది, ఆర్కన్సాలోని దాని తూటాల ఫ్యాక్టరీ విస్టా అవుట్‌డోర్ చేతికి వెళ్లింది. గిరాకీ ఆకాశాన్నంటింది, షాపుల్లో అరలు నెలల తరబడి ఖాళీగా కనిపించాయి. దొరికినదేదో కొనుక్కోవాల్సిన రోజుల్లో, ఒకే బ్రాండు ప్రైమర్ తప్ప పేల్చలేని తుపాకీ ఉన్నవాళ్లు ఇంట్లో కూర్చున్నారు. స్ప్రింగు ఖర్చు పది, పదిహేను డాలర్లకి మించదు. ట్రిగ్గర్ కొద్దిగా బరువైంది, ఆవిడ వేలు త్వరగానే అలవాటు పడింది. రివాల్వర్లలో తుస్సుమనడం ఆ మార్పుతోనే ఆగిపోయింది.

రైఫిల్ ఇరుక్కోవడానికి కారణం అసలు తుపాకీలో లేదు. 1873 నమూనా పనిచేసే తీరు తెలిస్తే ఇది ఇట్టే అర్థమవుతుంది. తూటాలు బ్యారెల్ కింద గొట్టంలో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. లీవర్ తెరిచినప్పుడు ఒక ఇత్తడి దిమ్మ, అంటే క్యారియర్, వరసలో మొదటి తూటాని నిలువుగా పైకి లేపి బ్యారెల్ ఎదురుగా తెస్తుంది. ఆ దిమ్మలో ఒక్క తూటాకే చోటు. తూటా మరీ పొడవైతే దిమ్మ లేవదు. మరీ పొట్టిదైతే మిగిలిన సందులోకి వరసలో తరవాతి తూటా అంచు దూరి, దిమ్మను లేవనివ్వదు. రైఫిల్‌లో వాడ్‌కటర్ పెడితే జరిగేది ఇదే. వీళ్ల రెండు కౌబాయ్ లోడ్లనూ కాలిపర్‌తో (సన్నటి కొలతలు తీసే పరికరంతో) కొలిస్తే ఒకటి ఆ రైఫిల్‌కి సరిపోయే పొడవు, రెండోది పొట్టి వైపు అంచున ఉంది. రెండూ కలిపి నింపుతున్నారు. మెల్లగా లీవర్ ఆడిస్తే పర్వాలేదు, మ్యాచ్‌లో వేగంగా ఆడించినప్పుడు తేడా బయటపడుతోంది.

.38 స్పెషల్‌కి పరిశ్రమ ప్రమాణం అనుమతించే గరిష్ఠ పొడవు 1.55 అంగుళాలు. కానీ ఒక్కో రైఫిల్‌కీ నచ్చే కొలత వేరు. అందుకే డమ్మీ తూటాలు కట్టాం, వాటిలో మందూ లేదు, ప్రైమరూ లేదు. వేర్వేరు పొడవుల్లో చేసి, ఒక్కో కొలతను నింపి లీవర్ వేగంగా ఆడించి చూశాం. ఆవిడ రైఫిల్ 1.48 దగ్గర వెన్నలా ఆడింది. బుల్లెట్ ముక్కు చదునుగా ఉండేది ఎంచుకున్నాం. గొట్టంలో ప్రతి బుల్లెట్ మొన ముందున్న తూటా ప్రైమర్‌కి ఆని ఉంటుంది కాబట్టి, సూదిమొన బుల్లెట్ లీవర్ రైఫిల్ గొట్టంలో పెట్టడం మహా ప్రమాదం.

ఇక డబ్బు లెక్క. నేను ఈ మధ్య చూస్తున్న ధరలు ఇవి, ఊరిని బట్టి, నెలను బట్టి మారతాయి. ఫ్యాక్టరీ కౌబాయ్ లోడ్ .38 అయితే తూటాకి సుమారు 65 సెంట్లు, .45 కోల్ట్ అయితే 95 దాకా. సౌత్ డకోటాలోని బ్లాక్ హిల్స్ లాంటి కంపెనీల సరుకు నాణ్యత గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు, ఏడాదికి రెండు మ్యాచ్‌లు ఆడేవాళ్లు అవే కొనుక్కుంటే హాయి. కానీ వీళ్లు నెలకో మ్యాచ్ ఆడతారు. ఆరు స్టేజీలంటే మనిషికి 120 తూటాలు, ప్రాక్టీసుకి మరో అన్ని. ఇద్దరికీ కలిపి ఏడాదికి 5,760. ఫ్యాక్టరీ సరుకుతో అది 4,600 డాలర్లు దాటుతోంది, షాట్‌గన్ ఖర్చు కాకుండా.

ఇంట్లో తయారుచేసుకుంటే .38కి సీసపు బుల్లెట్ 9 సెంట్లు, ప్రైమర్ 8, మందు 2. బ్రాస్ మొదటి నుంచీ ఆవిడ ఏరి కడిగి డబ్బాల్లో దాచింది కాబట్టి ఉచితం. ఇంత తక్కువ ఒత్తిడితో కాల్చే బ్రాస్ పగుళ్లు వచ్చేదాకా మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. మొత్తం 19 సెంట్లు. .45 అయితే బుల్లెట్‌లో సీసం ఎక్కువ కాబట్టి 26, 27 అవుతుంది. ప్రైమర్లు, మందు ఆన్‌లైన్‌లో తెప్పిస్తే ప్రమాదకర సరుకు ఛార్జీ వేరుగా వేస్తారు. అది ఒక్కో ఆర్డర్‌కి పడుతుంది కాబట్టి, విడివిడిగా చిన్న ఆర్డర్లు పెడితే మిగులంతా అందులోనే పోతుంది. మా క్లబ్‌లో అవసరమున్నవాళ్లం స్థానిక షాపులో దొరికినప్పుడే ఏడాది సరిపడా కొనుక్కుంటాం.

ఇక్కడ చట్టం గురించి ఒక మాట. సొంతానికి తూటాలు తయారుచేసుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు. అమ్మకానికి చేస్తే కావాలి. "అన్నా, ఎలాగూ చేస్తున్నావు, మాకూ చేసిపెట్టు, డబ్బులిస్తాం" అని అడుగుతుంటారు. నేను చేసివ్వను. కూర్చోబెట్టి నేర్పిస్తాను.

ప్రెస్ (తూటాలు తయారుచేసే యంత్రం) ఎంపికలో ఆయనకీ నాకూ కాస్త వాదన జరిగింది. ఆయన డిల్లన్ 550 లాంటి ప్రోగ్రెసివ్ యంత్రం కొందామన్నాడు. ప్రతిసారి పిడి లాగితే ఒక తూటా తయారై పడుతుంది. మంచి యంత్రమే, అయితే అందులో గొట్టాలు నిలబడే పళ్లెం చేత్తో తిప్పాలి. తిప్పడం మర్చిపోతే అదే గొట్టంలో మందు రెండోసారి పడుతుంది. .38 గొట్టం నల్ల మందు రోజుల కొలతలతో పుట్టింది, నేటి మందు అందులో అడుగున కొంచెమే ఉంటుంది. రెండు రెట్లు పడినా బయటికి పొంగదు. గొట్టం నిండేలా ఉబ్బుగా తయారుచేసిన ట్రైల్ బాస్ అనే మందు మా ఆటగాళ్లకి ఈ భయం తగ్గించేది, కొన్నేళ్లుగా అది మార్కెట్లో దొరకడం లేదు. అందుకే నేర్చుకునేవాళ్లకి లీ క్లాసిక్ టరెట్ లాంటిది మేలన్నాను. ఒక తూటా మొదలుపెడితే అది పూర్తయ్యాకే ఇంకొకటి చేతిలోకి వస్తుంది. తూకం, కాలిపర్, బ్రాస్ శుభ్రం చేసే డ్రమ్ము అన్నీ కలిపి 500 డాలర్ల దగ్గర తేలింది. గంటకి నూట యాభై దాకా వస్తాయి. బుల్లెట్ పెట్టే ముందు లైటు వేసి ప్రతి గొట్టంలోకీ తొంగి చూడాలన్నది వాళ్ల బల్ల దగ్గర నేను పెట్టిన షరతు.

మందు ఎన్ని గ్రెయిన్లు అన్నది ఇక్కడ కావాలనే రాయడం లేదు. మందు తయారుచేసిన కంపెనీ ప్రచురించిన పట్టిక చూసి, అందులో తక్కువ మోతాదుతో మొదలుపెట్టాలి. మోతాదు సరిపోయిందో లేదో క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) చెబుతుంది. సాస్ నియమం ప్రకారం రివాల్వర్ వేగం సెకనుకు 1,000 అడుగులు, రైఫిల్ 1,400 అడుగులు దాటకూడదు. కింది హద్దు కూడా ఉంది. బుల్లెట్ బరువును వేగంతో గుణించి వెయ్యితో భాగిస్తే వచ్చే పవర్ ఫ్యాక్టర్ కనీసం 60 ఉండాలి, వేగం 400 అడుగుల కన్నా తగ్గకూడదు. వీళ్ల 125 గ్రెయిన్ల బుల్లెట్ రివాల్వర్‌లో 730 అడుగుల వేగంతో వెళ్లింది, ఫ్యాక్టర్ 91. ఇంకా తగ్గించి దెబ్బ తేలిక చేయొచ్చు. నేను వద్దన్నాను. మరీ తగ్గిస్తే మందు సరిగా కాలదు, ఒత్తిడి చాలక ఇత్తడి గొట్టం గోడలు విచ్చుకోవు, మసి వెనక్కి తన్నుతుంది. ఆయన .45 రైఫిల్‌లో తేలిక లోడ్లతో ముఖం మీదకి మసి రావడం అప్పటికే చూశాం.

ఆయనకి .38కి మారమని మొదటి రోజే చెప్పాను, ఒప్పుకోలేదు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. .45 కోల్ట్ అంటే 1873లో అమెరికా సైన్యం చేతికొచ్చిన రివాల్వర్ తూటా. .38 స్పెషల్ 1898 దాకా పుట్టనే లేదు. ఆ పాత వాసన కోసమే కదా ఈ ఆటలోకి వచ్చింది? నేను ఒత్తిడి చేయలేదు. ఒక సీజన్ మొత్తం భార్య తూటాలు బల్ల మీద తయారవుతుంటే ఆయన చూశాడు. .45కి లార్జ్ పిస్టల్ ప్రైమర్ కావాలి, .38కి స్మాల్. రెండు క్యాలిబర్లంటే రెండు రకాల ప్రైమర్లు, రెండు రకాల బుల్లెట్లు, రెండు సెట్ల డైలు (ప్రెస్‌లో బిగించే అచ్చులు), మధ్యలో మందు కొలత మార్చి మళ్లీ తూచడం. పొరపాటు జరిగేది అలా మార్చే దగ్గరే. చివరికి ఆయనే రైఫిల్, ఒక రివాల్వర్ అమ్మేసి .357 సెట్ తీసుకున్నాడు. రెండో .45 రివాల్వర్ మాత్రం ఉంచుకున్నాడు, నేనూ ఉంచుకోమన్నాను.

ఇప్పుడు ఆ ఇంట్లో ఒకే బ్రాస్, ఒకే బుల్లెట్, ఒకే ప్రైమర్, ఒకే పొడవు. ఏడాది తూటాల ఖర్చు 1,100 డాలర్ల దగ్గర ఉంది. ఆవిడ రైఫిల్ ఇప్పటికీ ఎప్పుడో ఒకసారి ఇరుక్కుంటుంది, అది లీవర్ పూర్తిగా తెరవకపోవడం వల్ల. దానికి మందు ప్రాక్టీసే. ఆవిడకి కలిగిన ధైర్యం టైమింగుల్లో స్పష్టంగా కనిపిస్తోంది. తూటా పేలుతుందో లేదో అన్న అనుమానం పోయాక చూపు టార్గెట్ మీద నిలుస్తుంది.

ఇంట్లో చిన్నపిల్లలున్నారు కాబట్టి సీసం విషయంలో గట్టిగా చెప్పాను. గ్యారేజీలో తప్ప ఇంకెక్కడా ఈ పని చేయరు, అక్కడ తినడం తాగడం ఉండదు, బ్రాస్ నీళ్లతో తిప్పి కడుగుతారు, దుమ్ము లేవదు. ఇంకో జాగ్రత్త, ఇది ఇండియా వెళ్లే ప్రతి ఒక్కరికీ: రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగును ఎప్పుడూ ప్రయాణానికి వాడకండి. మూల జేబులో మర్చిపోయిన ఒక్క తూటా శంషాబాద్ స్కానర్‌లో కనిపిస్తే ఆయుధాల చట్టం కింద కేసు, పోలీస్ స్టేషన్, కోర్టు. మర్చిపోయాను అన్న మాట నిజమే అయినా, అది నిరూపించుకునేలోపు సెలవులన్నీ అయిపోతాయి.

షాట్‌గన్ గుళ్ల సంగతి ఇంకా తేలలేదు. వాళ్ల జోడు గొట్టాల తుపాకీలో కాల్చిన షెల్ (షాట్‌గన్ తూటా గొట్టం) ఒక్క కుదుపుతో జారి బయటపడాలి. చవక పెట్టెల్లో వచ్చే ఉక్కు అడుగు షెల్స్ వేడికి ఉబ్బి పట్టేస్తున్నాయి, గోరుతో పీకాల్సి వస్తోంది. నున్నటి గోడలున్న వించెస్టర్ డబుల్ ఏ రకం చక్కగా జారుతున్నాయి, కానీ ధర ఎక్కువ. ప్రస్తుతం ప్రాక్టీసుకి చవకవి, మ్యాచ్‌కి మంచివి వాడుతున్నారు. చాంబర్ లోపల గన్‌స్మిత్ చేత పాలిష్ చేయించాక చవకవి కూడా జారతాయేమో వచ్చే నెల చూడాలి.